లెక్క రాదా, లెక్కలోని మాట రాదా?

సరిహద్దు జిల్లాల తెలుగు ఇళ్లకు ప్రోగ్రెస్ కార్డు చెబుతున్నదేమిటి, దాచేస్తున్నదేమిటి

క్లుప్తంగా

ఒడిశా, మహారాష్ట్ర సరిహద్దు జిల్లాల్లో తెలుగు ఇళ్ల పిల్లలు చాలామంది ఒడియా, మరాఠీ మాధ్యమాల్లో ప్రాథమిక తరగతులు చదువుతున్నారు. వాళ్ల చదువు గురించి బడి నుంచి ఇంటికి కబురు అందుతూనే ఉంది. కానీ ఆ కబురులో పాఠం రాకపోవడం, పాఠం చెప్పే భాష రాకపోవడం కలిసిపోతున్నాయి. దాంతో లెక్కలొచ్చిన పిల్లలు లెక్కల్లో వెనకబడ్డట్టూ, అర్థం తెలియకుండా చదివేవాళ్లు చక్కగా చదువుతున్నట్టూ కనిపిస్తున్నారు. ఈ రెండింటినీ విడదీసి చెప్పడం కష్టమేమీ కాదు, ఖర్చూ తక్కువే.

ఎవరి పిల్లలు, ఏ బడి

1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక రాష్ట్రంగా ఏర్పడినప్పుడు పర్లాకిమిడి, బరంపురం, గుణుపురం, రాయగడ, జయపురం ప్రాంతాలు అటువైపు వెళ్లాయి. అక్కడి తెలుగు కుటుంబాలు కదలలేదు, గీతే కదిలింది. గంజాం తీరంలో చేపలు పట్టే నోలియా కుటుంబాలు ఇంట్లో ఇప్పటికీ తెలుగే మాట్లాడతాయి. మహారాష్ట్ర వైపు గడ్చిరోలి జిల్లాలో సిరొంచ, అహేరి, చంద్రపూర్ జిల్లాలో రాజురా, జివతి, నాందేడ్ జిల్లాలో దెగ్లూర్, ధర్మాబాద్, కిన్వట్ పరిసరాల్లోనూ ఇదే పరిస్థితి. బజారులో మరాఠీ, ఇంట్లో తెలుగు. కొన్నిచోట్ల వాటికి తోడు గోండీ, మాడియా కూడా వినిపిస్తాయి.

తెలుగు మాధ్యమ బడులు దక్షిణ ఒడిశాలో కొన్ని ఉన్నా, ఊరికి దగ్గరగా ఉన్న బడి ఎక్కువగా ఒడియా బడే. మహారాష్ట్ర పల్లెల్లో జిల్లా పరిషత్ మరాఠీ బడి. స్తోమత ఉన్నవాళ్లు ఇంగ్లిష్ మీడియానికి పంపుతారు, పర్లాకిమిడిలాంటి చోట పక్కనే ఆంధ్రప్రదేశ్‌లో ఉన్న పాతపట్నం బడులవైపు చూసేవాళ్లూ ఉంటారు. మిగిలిన పిల్లలంతా రాష్ట్ర భాషలోనే అక్షరాలు దిద్దుతారు.

ఒడిశాలో గిరిజన భాషల పిల్లలకు 2007 నుంచి బహుభాషా విద్య కార్యక్రమం నడుస్తోంది. మొదట 10 భాషలతో మొదలై తర్వాత 21 భాషలకు పెరిగింది. సవర, కువి, కోయ పిల్లలకు తొలి తరగతుల్లో సొంత భాషలో పుస్తకాలు వచ్చాయి. అదే ఊళ్లలోని తెలుగు పిల్లలు ఆ పథకం కిందికి రారు, ఎందుకంటే తెలుగు గిరిజన భాష కాదు. వాళ్లకు వర్తించేది భాషా అల్పసంఖ్యాకుల నియమం. 1956లో 7వ సవరణతో రాజ్యాంగంలో చేరిన 350ఎ అధికరణ, ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు తగిన సౌకర్యాలు కల్పించాలని రాష్ట్రాలకు చెబుతుంది. బడి మొత్తంలో 40 మంది, లేదా తరగతిలో 10 మంది ఆ భాష పిల్లలుంటే ఏర్పాటు చేయాలన్న కొలత 1949 నాటి రాష్ట్రాల విద్యామంత్రుల సమావేశం నుంచి ఉంది. తెలుగు పిల్లలు ఒక్కో ఊళ్లో అయిదారుగురు, ఏడెనిమిది మంది చొప్పున చెదిరి ఉంటే ఈ కొలత వాళ్లకు అందదు.

చట్టం అడిగేది

విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. అందులో సెక్షన్ 24 టీచరు విధులను చెబుతుంది. తల్లిదండ్రులతో క్రమం తప్పకుండా సమావేశం కావాలి, పిల్లల హాజరు, నేర్చుకునే సామర్థ్యం, చదువులో సాధించిన ప్రగతి వాళ్లకు తెలియజేయాలి అనేది ఆ విధుల్లో ఒకటి. ఏ భాషలో తెలియజేయాలో అక్కడ లేదు. సెక్షన్ 29 మాత్రం బోధన వీలైనంతవరకు మాతృభాషలో ఉండాలంటుంది, నిరంతర సమగ్ర మూల్యాంకనం కావాలంటుంది. ఆ ‘వీలైనంతవరకు’ అన్న చోటే సరిహద్దు జిల్లాల వ్యవహారమంతా ఆగిపోతోంది.

ఇంటికి చేరే కాగితం

మహారాష్ట్ర ప్రాథమిక బడుల్లో ఏడాదికి రెండు విడతలు. ఒక్కో విడతలో రోజువారీ పనిని చూసి వేసే ఆకారిక మూల్యమాపనం ఉంటుంది, విడత చివర రాతపరీక్షతో కూడిన సంకలిత మూల్యమాపనం ఉంటుంది. రెండూ కలిపి శ్రేణి ఇస్తారు. 91 నుంచి 100 వరకు వస్తే అ-1, 81 నుంచి 90 వరకు అ-2, ఆ తర్వాత బ-1, బ-2, క-1, క-2. 33 నుంచి 40 వరకు ‘డ’, అంతకన్నా తక్కువైతే ఇ-1, ఇ-2. అయిదో అక్షరం దాకా దిగే ఈ వరుస తెలియని తల్లికి ‘క-1’ చూస్తే అది మంచిదో చెడ్డదో బోధపడదు. నిజానికి క-1 అంటే 51 నుంచి 60 మార్కులు. భయపడాల్సింది కాదు, మురిసిపోవాల్సిందీ కాదు.

శ్రేణి పక్కన టీచరు చేత్తో రాసే వర్ణనాత్మక నమోదులు ఉంటాయి. విశేష ప్రగతి, ఆవడ్ – ఛంద్ (అంటే ఇష్టాలు, సరదాలు), సుధారణా ఆవశ్యక్ (అంటే మెరుగుపడాల్సినవి). మూడే గళ్లు. కార్డులో అన్నిటికన్నా పనికొచ్చేవి ఇవే, ఎందుకంటే పిల్లవాడి గురించి వాక్యం రూపంలో చెప్పే చోటు ఇంకెక్కడా లేదు. కానీ ఇవి చేతిరాతలో, మరాఠీలో, ఇరుకు గడిలో ఉంటాయి. యాభై మందికి రాయాల్సి వచ్చినప్పుడు ‘శుద్ధలేఖనం మీద శ్రద్ధ పెట్టాలి’, ‘అక్షరం మెరుగుపడాలి’ లాంటి వాక్యాలే మళ్లీమళ్లీ వస్తాయి. ఇది టీచర్ల బద్ధకం అనుకోవడం అన్యాయం. ఒకే టీచరు రెండు మూడు తరగతులు చూస్తూ, పోర్టళ్లలో వివరాలు నింపుతూ రాసే రాత అది.

అంకెల సంగతి ఇంకొకటి. తెలుగు బడుల్లో చదివిన తల్లిదండ్రులకు 1, 2, 3 అనే అంకెలే అలవాటు. మరాఠీ మాధ్యమం పుస్తకాల్లో దేవనాగరి అంకెలు, ఒడియా పుస్తకాల్లో ఒడియా అంకెలు వస్తాయి. టీచరు ఆ అంకెల్లోనే మార్కులు వేస్తే కనీసం ఎన్నొచ్చాయో చూసుకునే వీలు కూడా ఇంట్లోవాళ్లకు ఉండదు.

2020 జాతీయ విద్యావిధానం చెప్పిన సమగ్ర ప్రగతి పత్రం ఇప్పుడిప్పుడే బడులకు వస్తోంది. ఎన్‌సీఈఆర్టీలో 2023లో ఏర్పడిన పరఖ్ అనే మూల్యాంకన సంస్థ నమూనా కార్డులు తయారు చేసింది. చిన్న తరగతుల కార్డులో మార్కులకు బదులు ఏరు, కొండ, ఆకాశం బొమ్మలతో మూడు మెట్లు పెట్టారు. పిల్లలు తమ గురించి తాము చెప్పుకునే భాగం, తోటిపిల్లలు చెప్పే భాగం, తల్లిదండ్రులు నింపే భాగం కూడా ఉన్నాయి. ఆలోచన మంచిదే. బొమ్మకు భాష అడ్డం రాదు కాబట్టి చదవడం రాని తల్లికి కూడా మెట్టు తెలుస్తుంది. అయితే ఆ మెట్టు మీద పిల్లవాడు ఎందుకున్నాడన్నది మళ్లీ బడి భాషలోనే ఉంటుంది. తల్లిదండ్రులు నింపాల్సిన పేజీ కూడా ఆ భాషలోనే ఉంటే, దాన్ని ఇంట్లో నింపేది చాలావరకు ఆ పిల్లవాడే.

లెక్కల్లో తక్కువ మార్కు వెనుక

మూడో తరగతి పేపరులో వచ్చే ఒక మామూలు ప్రశ్న తీసుకుందాం. రాజు దగ్గర 47 గోళీలున్నాయి. అవి రవి దగ్గరున్న వాటికన్నా 28 ఎక్కువ. రవి దగ్గర ఎన్ని ఉన్నాయి?

జవాబు 19. మరాఠీలో ఈ ప్రశ్న చదివిన తెలుగు పిల్లవాడు చాలాసార్లు 75 అని రాస్తాడు. వాక్యంలో వాడు గట్టిగా పట్టుకోగలిగిన మాట ‘జాస్త్’. ఇంట్లో జాస్తి అనే మాట విన్నదే. జాస్త్ అన్నారు కాబట్టి కూడిక అనుకుంటాడు, 47కు 28 కలుపుతాడు. కూడిక తప్పు లేకుండా చేస్తాడు, చేతిలో ఉన్న ఒకటిని కూడా సరిగ్గా పక్క స్థానానికి తీసుకెళ్తాడు. కానీ ‘పేక్షా’ అనే చిన్న ముక్క రాజును, రవిని ఏ వైపు నిలబెట్టిందో వాడికి అందలేదు. ‘రవీపేక్షా’ అంటే రవికన్నా అని తెలిస్తే తప్ప ఎవరి దగ్గర ఎక్కువో తేలదు.

పేపరు దిద్దే టీచరుకు కనిపించేది 75 మీద వేయాల్సిన తప్పు గుర్తు. ఇంటికి వెళ్లే కార్డులో కనిపించేది గణితం, క-2. ఇంట్లో అర్థమయ్యేది ‘వీడికి లెక్కలు రావు’ అని. తర్వాత జరిగేది లెక్కల ట్యూషను. అక్కడ రోజూ ముప్పై కూడికలు, ముప్పై తీసివేతలు చేయిస్తారు. అవి వాడికి ముందే వచ్చు. రానిది రానట్టే ఉంటుంది, ఫీజు మాత్రం పోతుంది.

ఇదే లెక్కను ఎవరైనా తెలుగులో చెప్పి, గోళీలు ముందు పెట్టి అడిగితే రెండు రకాల ఫలితాలు రావచ్చు. వాడు 19 అంటే, లెక్క వచ్చు, మరాఠీ వాక్యం రాదు అని తేలిపోతుంది. తెలుగులోనూ 75 అంటే, పోలిక లెక్కలే వాడికి ఇంకా పట్టుబడలేదని అర్థం. పోలిక లెక్కలు ఏ భాషలోనైనా చిన్నపిల్లలకు కష్టమే. రెండు సందర్భాల్లో చేయాల్సిన పని పూర్తిగా వేరు. ఇప్పటి కార్డు ఆ రెండింటికీ ఒకే శ్రేణి ఇస్తుంది.

సంఖ్యల పేర్ల దగ్గర కూడా చిక్కుంది. తెలుగులో 47ను నలభై ఏడు అంటాం, పదులు ముందు, ఒకట్లు తర్వాత. రాసే వరుసా అదే. మరాఠీలో సత్తేచాళీస్, ఒడియాలో సతచాళిశ. రెండింటిలోనూ ఏడు ముందు వినిపిస్తుంది. టీచరు చెబుతుంటే రాసుకునే పిల్లవాడు విన్న వరుసలో 74 అని వేసే అవకాశం ఎక్కువ. 29 ఇంకా చిత్రం. మరాఠీలో ఏకోణతీస్, ఒడియాలో అణతిరిశ. రెండూ ముప్పైకి ఒకటి తక్కువ అనే లెక్క. ఇరవై తొమ్మిది అని అలవాటైన చెవికి ముప్పై వినిపిస్తుంది, చేయి 3తో మొదలెడుతుంది.

ఇది మరాఠీ ఇళ్ల పిల్లలకూ ఇబ్బందే. అందుకే 2019లో మహారాష్ట్ర రెండో తరగతి గణితం పుస్తకంలో 21కి ఏక్‌వీస్ (ఒకటి, ఇరవై) అనే పేరుతో పాటు ‘వీస్ ఏక్’ (ఇరవై ఒకటి) అనే పద్ధతిని కూడా పరిచయం చేశారు. భాషను పాడుచేస్తున్నారంటూ పెద్ద గొడవే అయింది. కానీ పుస్తకం రాసినవాళ్లు చూసిన ఇబ్బంది నిజమైనది. మరాఠీ ఇంట్లో పుట్టి పెరిగిన పిల్లలకే తడబాటు వస్తుంటే, ఆ పేర్లను ఆరేళ్ల వయసులో మొదటిసారి వినే సిరొంచ తెలుగు పిల్లలకు ఎంత వస్తుందో ఊహించవచ్చు. వాళ్ల కార్డులో మాత్రం ‘సంఖ్యల గుర్తింపులో వెనకబాటు’ అని ఉంటుంది. అదే పిల్లవాడు సంతలో తాత పక్కన కూర్చుని చిల్లర లెక్కపెట్టి ఇస్తుంటాడు.

చదవడంలో మంచి మార్కు వెనుక

లెక్కల్లో ఉన్నదానికన్నా తక్కువ కనిపిస్తే, చదవడంలో ఉన్నదానికన్నా ఎక్కువ కనిపిస్తుంది. ఈ రెండోదాన్ని పట్టుకోవడం ఇంకా కష్టం, ఎందుకంటే మంచి మార్కును ఎవరూ అనుమానించరు.

2021 జులై 5న మొదలైన నిపుణ్ భారత్ కార్యక్రమం మూడో తరగతి ముగిసేసరికి పిల్లలు నిమిషానికి కనీసం 60 మాటలు అర్థం చేసుకుంటూ చదవాలని లక్ష్యం పెట్టింది. అందులో 60 మాటలు అన్న భాగాన్ని గడియారంతో కొలవొచ్చు. అర్థం చేసుకుంటూ అన్న భాగాన్ని కొలవాలంటే కూర్చుని మాట్లాడించాలి. తెలుగు, ఒడియా, దేవనాగరి మూడూ పలికినట్టు రాసే లిపులు. అక్షరాలు, గుణింతాలు, ఒత్తులు పట్టుబడితే చాలు, అర్థం తెలియని పేజీని కూడా పిల్లలు గడగడా చదివేస్తారు. ఒడియా పుస్తకంలోని కథను ఆగకుండా చదివిన పిల్లను ‘ఇందులో నక్క ఎందుకు పారిపోయిందమ్మా?’ అని అడిగితే మాట పెగలదు. ఇంట్లో ఒడియా చదవడం ఎవరికీ రాకపోతే ఆ ప్రశ్న అడిగేవాళ్లే ఉండరు. పిల్ల చదువుతున్న చప్పుడు వినిపిస్తుంది, ఇంట్లోవాళ్లకు నిశ్చింత.

ఈ లోటు నాలుగు, అయిదు తరగతుల్లో బయటపడుతుంది. అప్పటికి పరిసరాల విజ్ఞానం, చరిత్ర పాఠాలు పొడుగు వాక్యాల్లో వస్తాయి. మూడో తరగతిదాకా బాగా చదివిన పిల్ల ఉన్నట్టుండి వెనకబడ్డట్టు కనిపిస్తుంది. ఇంట్లో దానికి కారణాలు వెతుకుతారు: టీవీ, ఫోను, స్నేహితులు, బద్ధకం. అసలు కారణం రెండేళ్ల ముందే కార్డులో మంచి మార్కు కింద పడి ఉంది.

బరంపురం, పర్లాకిమిడి లాంటి పట్టణాల్లో దీన్ని గుర్తించడం మరీ కష్టం. అక్కడి తెలుగు పిల్లలు వీధిలో ఒడియా ధారాళంగా మాట్లాడతారు. క్రికెట్ ఆడేటప్పుడు వాళ్లది ఏ ఇంటి భాషో కనిపెట్టలేం. కెనడా పరిశోధకుడు జిమ్ కమిన్స్ 1970ల చివర్లోనే ఈ తేడాను వివరించారు. రెండో భాషలో కబుర్లు చెప్పుకునే స్థాయి రెండేళ్లలో వచ్చేస్తుంది, పాఠాలు అర్థం చేసుకుని రాసే స్థాయికి అయిదు నుంచి ఏడేళ్లు పడుతుంది అని. ఒకటో తరగతిలో ఒడియాతో మొదలుపెట్టిన పిల్లకు ఆ లెక్కన ప్రాథమిక విద్య అయిపోయేసరికి గానీ పాఠం భాష పట్టుబడదు. వీధిలో మాట్లాడే ఒడియా విని టీచరు, ఇంట్లోవాళ్లు ఇద్దరూ ‘భాషతో ఇబ్బందేం లేదు’ అనుకుంటే, మిగిలే వివరణ ఒక్కటే, పిల్లకు బుర్ర లేదన్నది. అంతకన్నా పెద్ద అన్యాయం ఆ పిల్లకు ఇంకోటి జరగదు.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. ప్రతి వెనకబాటునూ భాష ఖాతాలో వేయడం సరికాదు. గ్రామీణ పిల్లల చదువు స్థాయిని కొలిచే అసర్ సర్వే 2024లో చెప్పిన ప్రకారం దేశం మొత్తం మీద గ్రామీణ ప్రభుత్వ బడుల్లో మూడో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగినవాళ్లు 23.4 శాతమే. వాళ్లలో సొంత భాషలో చదువుతున్నవాళ్లూ పెద్దసంఖ్యలో ఉన్నారు. సరిహద్దు జిల్లాల తెలుగు పిల్లలకు అందరికీ ఉన్న సమస్యలు ఎలాగూ ఉన్నాయి, వాటి మీద ఇదొకటి. విడదీసి చూడాలనడానికి కారణం కూడా ఇదే.

దుబాసీలుగా మారుతున్న పిల్లలు

ఇప్పుడు బడి నుంచి కబురు ఎక్కువగా వాట్సాప్‌లో వస్తుంది. తరగతికో గ్రూపు. హోంవర్కు ఫొటో, సెలవు ప్రకటన, పరీక్షల తేదీలు, పాలక్ సభ (తల్లిదండ్రుల సమావేశం) పిలుపు అన్నీ అందులోనే. గ్రూపులో పెట్టడంతో బడి తన పని అయిందనుకుంటుంది. ఫోను నాన్న దగ్గర ఉంటుంది, నాన్న బోటు మీదో లారీ మీదో ఉంటాడు. పిల్లను బడికి తయారుచేసే తల్లికి, నాయనమ్మకు ఆ కబురు సాయంత్రానికి గానీ చేరదు. చేరినా చదివి చెప్పాల్సింది మళ్లీ పిల్లలే.

ఇంట్లో ఒడియా, మరాఠీ బాగా వచ్చినవాళ్లు పిల్లలే కావడంతో తమ కార్డును తామే చదివి అర్థం చెప్పే స్థితి వస్తోంది. ‘సుధారణా ఆవశ్యక్’ గడిలో ఏముందని అమ్మ అడిగితే ఎనిమిదేళ్ల పిల్లవాడు ‘బాగా చదువుతున్నానని రాశారు’ అంటాడు. అందులో వాడి తప్పేం లేదు, ఏ పిల్లవాడైనా అదే చేస్తాడు. కొందరు పిల్లలు దీనికి ఎదురు చేస్తారు, ఉన్నదానికన్నా కఠినంగా చెప్పుకుని తామే కుమిలిపోతారు. అక్కో అన్నో చదివి చెబితే ఇంకో రకం. చిన్నవాళ్ల మీద పెత్తనం చేతికొస్తుంది.

తల్లిదండ్రుల సమావేశంలో ఎదురుపడినప్పుడు జరిగే సంభాషణ కూడా పొట్టిది. ‘మా బుడ్డోడు ఎలా చదువుతున్నాడు సారూ?’ అని తల్లి తనకొచ్చిన మరాఠీలో అడుగుతుంది. ‘బాగానే ఉందమ్మా, కొంచెం శ్రద్ధ పెట్టాలి’ అని సారు ఆమెకు అర్థమయ్యే నాలుగు మాటల్లో చెబుతారు. ఇద్దరూ ఎదుటివాళ్లను ఇబ్బంది పెట్టకూడదని మాటను కుదించుకుంటారు. తెలుగు తెలిసిన అంగన్వాడీ టీచరో, వంట చేసే అమ్మో పక్కన ఉంటే అదే మాట పది నిమిషాలు సాగుతుంది. ఈ ఏర్పాటు చాలా బడుల్లో అనధికారికంగా జరుగుతూనే ఉంది. దాన్ని ముందుగానే అనుకుని, సమావేశం రోజున ఆమెను కూర్చోబెట్టుకోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

అనువాదం యాప్‌లు కొంత సాయం చేస్తాయి. గూగుల్ ట్రాన్స్‌లేట్‌లో ఒడియా 2020 ఫిబ్రవరిలో చేరింది, తెలుగు, మరాఠీ అంతకుముందు నుంచే ఉన్నాయి. 2022లో మొదలైన కేంద్ర ప్రభుత్వ భాషిణి కూడా ఈ భాషల మధ్య పనిచేస్తుంది. టైపు చేసిన పొట్టి వాక్యమైతే అర్థం పర్వాలేదనిపించేలా వస్తుంది. చేతిరాత ఫొటోకు, ఇరుకు గడిలోని సగం వాక్యానికి అంత నమ్మకం లేదు. టీచరు గ్రూపులో ఫొటో బదులు రెండు వాక్యాలు టైపు చేసినా, ముప్పై సెకన్ల వాయిస్ మెసేజ్ పెట్టినా ఇంట్లో ఎవరో ఒకరు అర్థం చేసుకోగలుగుతారు.

తేదీలు కుదరని సంగతి

మహారాష్ట్రలో ఏడాది ఫలితాలు మే 1న ఇవ్వడం ఆనవాయితీ. గడ్చిరోలి దక్షిణ ప్రాంతం నుంచి కూలి కుటుంబాలు మిరపకాయలు ఏరడానికి తెలంగాణ వెళ్లేది సరిగ్గా దానికి ముందు నెలల్లో. రెండో విడత ఆకారిక మూల్యమాపనం జరిగే రోజుల్లో పిల్లలు మిరప చేల గట్ల మీద ఉంటారు, లేదా తాత దగ్గర ఊళ్లో ఉంటారు. కార్డులో హాజరు తగ్గుతుంది, దానితో శ్రేణి తగ్గుతుంది. గంజాం తీరంలో దీనికి తలకిందుల పరిస్థితి. తూర్పు తీరంలో మరబోట్లకు ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు వేట నిషేధం. బోట్ల మీద పనిచేసే తండ్రులు తీరిగ్గా ఇంట్లో ఉండేది అప్పుడు. ఒడిశాలో బడులకు వేసవి సెలవులు ఉండేదీ దాదాపు అప్పుడే.

సరిహద్దు అవతల

ఆంధ్రప్రదేశ్‌లో 2024 డిసెంబరు 7న అన్ని ప్రభుత్వ బడుల్లో ఒకే రోజు మెగా పేరెంట్ టీచర్ మీటింగ్ పెట్టారు. 2025 జులై 10న రెండోసారి జరిపారు. ఇచ్ఛాపురంలోనో పాతపట్నంలోనో ఉన్న బంధువుల పిల్లల కార్డు చూసి, వాళ్ల సమావేశాల ముచ్చట్లు విని, బరంపురం, పర్లాకిమిడి తెలుగు కుటుంబాలు తమ బడితో పోల్చుకోవడం సహజం. ఆ పోలికలో ఒక పొరపాటు జరుగుతోంది. అటువైపు బడి మాధ్యమం ఇంగ్లిష్ అయినా టీచరు పిల్లలకు వాళ్ల సొంత భాషలో విడమరిచి చెప్పగలరు, ఇటువైపు పిల్లలకు ఆ వీలు లేదు, చదివేదీ రాసేదీ రెండో భాషలోనే. రెండు కార్డుల్లోని శ్రేణులు ఒకే కొలతవి కావు.

ఈ తేడా కళ్లముందే కనిపించే చోటు ఒకటుంది. మహారాష్ట్రలోని జివతి తాలూకాకు, తెలంగాణలోని కెరమెరి మండలానికి మధ్య వివాదంలో ఉన్న గ్రామాల్లో రెండు రాష్ట్రాలూ బడులు నడుపుతున్నాయి. ఒకే ఊళ్లో ఒక మరాఠీ బడి, ఒక తెలుగు బడి. ఇంట్లో మాట్లాడే భాషను బట్టి, పథకాలను బట్టి, దగ్గరదనాన్ని బట్టి తల్లిదండ్రులు బడిని ఎంచుకుంటారు. తెలుగు ఇంటి పిల్ల తెలుగు బడిలో తెచ్చుకున్న మార్కునూ, పక్కింటి తెలుగు పిల్ల మరాఠీ బడిలో తెచ్చుకున్న మార్కునూ పక్కపక్కన పెట్టి ఎవరు చురుకో తేల్చడం కుదరదు.

ఏం మారితే ఏం జరుగుతుంది

మహారాష్ట్రలో 2023-24 నుంచి అయిదు, ఎనిమిది తరగతులకు వార్షిక పరీక్ష తిరిగి వచ్చింది. తప్పినవాళ్లకు మళ్లీ ఒక అవకాశం ఇస్తారు, అందులోనూ తప్పితే అదే తరగతిలో ఉండాలి. కేంద్ర ప్రభుత్వం కూడా 2024 డిసెంబరులో తన బడులకు ఇలాంటి నిబంధనలే తెచ్చింది. ఇంతవరకు ఒకటి నుంచి నాలుగు తరగతుల కార్డులో అస్పష్టత ఉన్నా పిల్లవాడు పై తరగతికి వెళ్లిపోయేవాడు. ఇప్పుడు ఆ అస్పష్టతకు అయిదో తరగతిలో మూల్యం ఉంది. మరాఠీ వాక్యం అర్థంకాక గణితంలో తప్పిన పిల్లవాడిని అదే తరగతిలో ఉంచి, అవే లెక్కలు మళ్లీ చేయిస్తే ఒక ఏడాది పోవడం తప్ప ప్రయోజనం లేదు.

కాబట్టి మార్పు కింది తరగతుల కార్డులోనే మొదలవ్వాలి. గణితం శ్రేణి పక్కన రెండు చిన్న గుర్తులు చాలు. అంకెల్లో ఇచ్చిన లెక్క చేస్తున్నాడా, వాక్యంలో ఇచ్చిన లెక్క చేస్తున్నాడా అని. చదవడం పక్కన కూడా అంతే. గట్టిగా చదువుతోందా, చదివింది చెబుతోందా. మొదటిదానికి అవును, రెండోదానికి కాదు అని వస్తే ఇంట్లోవాళ్లకు దారి తెలుస్తుంది. లెక్కల ట్యూషనుకు పోసే డబ్బు ఆగుతుంది. దానికి బదులు పెద్దపిల్లలతో కలిపి కథలు చెప్పించడం, బడి భాషలో బొమ్మల పుస్తకాలు చదివించడం, పాఠంలో మాటలకు తెలుగులో అర్థాలు చెప్పించడం లాంటివి మొదలవుతాయి. ఆకారిక మూల్యమాపనంలో టీచరు ఎలాగూ నోటితో ప్రశ్నలు అడుగుతారు కాబట్టి ఈ రెండు గుర్తులకు కొత్త పరీక్ష పెట్టనక్కర్లేదు.

ఇంట్లో తెలుగు మానేసి మరాఠీయో ఒడియానో మాట్లాడండి అని సలహా ఇచ్చేవాళ్లున్నారు. మంచి ఉద్దేశంతోనే చెబుతారు. కానీ తల్లికి రాని భాషలో తల్లి బిడ్డతో మాట్లాడితే బిడ్డకు అందేది తక్కువ మాటలు, విరిగిన వాక్యాలు. తెలుగులో ‘కన్నా’, ‘ఎందుకంటే’, ‘అయితే గనక’ లాంటి మాటలతో ఆలోచించడం వచ్చిన పిల్లకు అవే ఆలోచనలను ఇంకో భాషలోకి తీసుకెళ్లడం తేలిక. ఇంటి భాష బలపడితే బడి భాషకు నష్టం జరగదు.

కార్డు మారేదాకా ఆగకుండా తల్లిదండ్రులు సమావేశంలో అడగగలిగిన ప్రశ్నలున్నాయి. ‘మా పాపకు లెక్క రావట్లేదా, లెక్కలో రాసిన మాట అర్థం కావట్లేదా?’ ‘చదివిన కథ తిరిగి చెప్పగలుగుతోందా?’ ‘తప్పు పోయిన లెక్క ఒకటి చూపిస్తారా?’ మూడో ప్రశ్న అన్నిటికన్నా మంచిది. తప్పుపోయిన నోటుబుక్కు ఇంటికొస్తే దానికి పెద్దగా అనువాదం అక్కర్లేదు. 47, 28, 75 ఏ భాష ఇంట్లోనైనా చూడగానే తెలుస్తాయి. తాత ఆ మూడు అంకెలు చూసి గోళీలు ముందు పోసి తెలుగులో అడిగితే, టీచరుకు మర్నాడు చెప్పాల్సిన జవాబు ఆ సాయంత్రమే దొరుకుతుంది. ఆ జవాబు టీచరుకు నిజంగా కావాలి కూడా, ఎందుకంటే పిల్లకు తెలుగులో ఏం వచ్చో తెలుసుకునే దారి తెలుగు రాని టీచరుకు ఇంకోటి లేదు.

బడి స్థాయిలో దీన్ని రాతపూర్వకంగా అడిగే వేదిక పాఠశాల యాజమాన్య కమిటీ. విద్యాహక్కు చట్టం సెక్షన్ 21 ప్రకారం ఆ కమిటీలో నాలుగింట మూడొంతులు పిల్లల తల్లిదండ్రులు, సంరక్షకులే ఉండాలి, సగం మంది మహిళలు ఉండాలి. సెక్షన్ 22 కింద బడి అభివృద్ధి ప్రణాళిక తయారు చేసేదీ ఆ కమిటీయే. కార్డు పక్కన రెండు గుర్తులు, సమావేశానికి తెలుగు తెలిసిన మనిషి, మిరప పనులకు వెళ్లే ముందే జనవరిలో ఒక సమావేశం, తీరం ఊళ్లలో సెలవులకు ముందే ఏప్రిల్ మొదటి వారంలో ఒకటి. ఇవన్నీ కమిటీ తీర్మానంలో రాయించగలిగినవే. తెలుగు తల్లులు కమిటీలో సభ్యులుగా ఉన్న బడిలో ఆ తీర్మానం కింద వాళ్ల సంతకాలూ ఉంటాయి.